ఇసుకలో మేత జాడ

ఎడారికి వెళ్ళొచ్చానంటే బర్మాలోని మా ఇన్సేన్‌లో ఎవరూ నమ్మలేదు. పొద్దున్నే పాలు పోయడానికి ఏ గుమ్మం ముందు ఆగినా ఒకటే మాట: "ఆవుల్ని ఒగ్గీసి ఇసక సూడ్డానికి ఎల్లావేటి?" ఆవుల కోసమే వెళ్ళానని చెబితే మరీ నవ్వారు. అలా నవ్విన వాళ్ళందరికీ ఒక్కసారే చెప్పేద్దామని ఇది రాస్తున్నాను.

మాది పాల వ్యాపారం. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి, సేక్కాన్ రేవులో బస్తాలు మోశాడు. ఆయన నడుం వంగాక మా నాన్న ఇన్సేన్ చేరి రెండు ఆవులు కొన్నాడు. ఇప్పుడు నా దొడ్లో ఏడున్నాయి. గడ్డికి మాకు ఏనాడూ కరువు లేదు. ఆరు నెలలు వానే కదా. రైలు కట్ట పక్కనా, కాలువ గట్టు మీదా, నాలుగు రోజులు కదలకుండా నిలబెడితే లారీ తొట్టిలో కూడా మొలుస్తుంది. కరువల్లా పొడి నేలకే. వానాకాలంలో ఆవుల గిట్టలు నాని పుళ్ళు పడతాయి. కడుపు నిండా మేసినా పాలు పల్చగానే ఉంటాయి.

ఆ పల్చన గురించి రోజూ ఎత్తిపొడిచేది మా వీధి చివరి మార్వాడీ పెద్దమ్మ. పెళ్ళి చేసుకుని రాజస్థాన్ నుంచి వచ్చి ఇక్కడే ముసలిదైపోయింది. "రత్నా, మీ ఆవు నీళ్ళు మేస్తుంది. మా పుట్టింటి ఊళ్ళో ఆవు ఇసుక మీద మేస్తుంది. ఆ పాలు చూశావంటే నీ క్యాను కొంగు చాటున దాచుకుంటావు" అనేది. ఇరవై ఏళ్ళుగా వింటున్నాను. ఇసుక మీద ఏం మేస్తుందో ఒక్కసారి కళ్ళతో చూడాలని నాకు మనసులో పడిపోయింది.

అవకాశం మా అప్పలమ్మ వదిన వల్ల వచ్చింది. ఆమె నా భర్తకి అక్క. నాలుగేళ్ళ క్రితం భర్త పోయాడు. కార్తీక పున్నమినాడు పుష్కర్ సరస్సులో మునిగి, ఆయన పేర దీపాలు పెడతానని మొక్కుకుంది. ఏటా ఏదో ఒక అడ్డం. ఈసారి కాగితాలన్నీ కుదిరాయి. పుష్కర్ ఉన్నది కూడా రాజస్థాన్‌లోనే అని తెలిసి, ముందు రెండు రోజులు ఎడారిలో ఉందామన్నాను.

"రెండంటే రెండు దినాలే. మూడోది అడిగితే నాను ఒక్కదాన్నే ఎల్పోతాను" అంది వదిన.

మార్వాడీ పెద్దమ్మ తన పుట్టింటి ఊళ్ళో తెలిసినవాళ్ళకి కబురు పెట్టింది. వాళ్ళు ఒకప్పుడు ఆమె పుట్టింటికి పాలు పోసినవాళ్ళట. "పాలావిడని పాలవాళ్ళింటికే పంపుతున్నాను" అని నవ్వింది.

రైలు కిటికీలోంచి

జోధ్‌పూర్ దాకా జరిగింది వదిలేస్తాను; ఏ రైలైనా ఒకటే ఇరుకు. జోధ్‌పూర్ నుంచి జైసల్మేర్ వెళ్ళే పగటి బండిలో కిటికీ పక్కన చోటు దొరికింది. ఎడారంటే క్యాలెండర్ బొమ్మలోలా నున్నటి పసుప్పచ్చ కుప్పలనుకున్నాను. పోగా పోగా నేల పాలిపోయి, చెట్లు కురచబడి, ఇసుక మొదలైంది. కానీ అది బోడి ఇసుక కాదు. మనిషి తల మీద జుట్టులా గుబురు గుబురుగా ఎండుగడ్డి. పొద్దు వాలేసరికి ప్రతి కుదురూ వెలిగించినట్టు మెరిసింది.

మా ఎదుటి బల్ల మీద మోచేతుల పైదాకా తెల్ల గాజులు తొడుక్కున్న పెద్దావిడ కూర్చుంది. మూట విప్పి, రొట్టెలో వెల్లుల్లి కారం పెట్టి మా ఇద్దరికీ ఇచ్చింది. బదులుగా వదిన భుజాన వేలాడే తన షాన్ గుడ్డ సంచిలోంచి లఫెట్ తీసింది. మా ఊళ్ళో అందరూ తినే నానబెట్టిన తేయాకు. ఆవిడ నోట్లో వేసుకుంది. ఒక్క క్షణం ముఖమంతా ముడుచుకుపోయింది. కిటికీ వైపు తిరిగి ఉమ్మేసి, నీళ్ళు పుక్కిలించి, మళ్ళీ చెయ్యి చాపింది.

"అమలే! మందనుకున్నాదేటో" అంది వదిన. అమలే అంటే మా బర్మా మాటలో అమ్మో అని.

స్టేషన్లో మట్టి ముంతలో టీ పది రూపాయలు. రెండు గుక్కల్లో అయిపోయింది. మా ఊళ్ళో టీకొట్లో కూర్చుంటే పచ్చటీ ఫ్లాస్కు ఊరికే బల్ల మీద పెడతారు, పొద్దంతా కబుర్లు చెప్పుకోవచ్చు. ఇక్కడ ముంత ఖాళీ కాగానే మనిషి కదలాల్సిందే. కానీ ఆ పాల చిక్కదనం నాలుక మీద చాలాసేపు నిలిచింది.

ధాపూ వాకిలి

జైసల్మేర్ నుంచి జీపులో గంటన్నర. చివర దారి కూడా ఇసుకలో కలిసిపోయింది. మట్టి గోడల గుండ్రటి గుడిసెలు నాలుగు, ముళ్ళకంప దడి, దాని వెనక బూడిద తెలుపు ఆవులు పన్నెండు. ఆ ఇంటి పెద్దావిడ ధాపూ వాకిట్లో నిలబడి ఉంది. డెబ్బై దాటిన పొడుగాటి మనిషి, వేళ్ళు కీళ్ళనొప్పితో వంకరపోయాయి. కొడుకు భంవర్ నలభై ఏళ్ళవాడు, మాట తక్కువ.

ముందు ఇత్తడి చెంబుతో నీళ్ళిచ్చారు. అవి తాగాకే పేర్లడిగారు. మా వీధుల్లో బాటసారుల కోసం ట్వంటే ఊరి మట్టి కుండలు గేటు బయట పెట్టి, పైన గ్లాసు బోర్లిస్తాం. ఎవరు తాగారో మాకు తెలియదు. ఇక్కడ నీళ్ళు చేతికిచ్చి, తాగేదాకా ఎదురుగా నిలబడతారు. ఆ నీళ్ళు రెండు మైళ్ళ అవతలి ఊటబావి నుంచి తలమీద వచ్చాయని తర్వాత తెలిసింది. అప్పటికే నేను సగం చెంబు కాళ్ళ మీద పోసుకున్నాను. ఆ రాత్రి సిగ్గుతో నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

గిన్నెలు ఇసుకతో తోముతారు. చుక్క నీరు తగలదు. వదిన అనుమానంగా వేలితో రాసి చూసింది. "మన ఇంట్లో కంటే బాగున్నాయే" అని నా చెవిలో చెప్పింది. సజ్జ రొట్టె, పైన గరిటెడు నెయ్యి, ఎండు జమ్మికాయల కూర, మజ్జిగ. "మెతుకు నేకుండా ఎలగే?" అని గొణిగిన వదిన మూడు రొట్టెలు తింది.

సాయంత్రం పాలు పితికేటప్పుడు ధాపూ నాకూ ఒక ఆవుని అప్పగించింది. చెంబులో నురుగు తేరుకున్నాక ఒక గుక్క తాగాను. ఇరవై ఏళ్ళుగా మార్వాడీ పెద్దమ్మతో చేసిన వాదన అక్కడితో ముగిసింది.

గడ్డికి పేర్లు

మర్నాడు పొద్దున్నే ధాపూ మమ్మల్ని దిబ్బల మీదికి తీసుకెళ్ళింది. నాది బజారు హిందీ, ఆమెది మార్వాడీ. మిగతాది చేతులతో నడిచింది.

దిబ్బ ఎక్కడం నేర్చుకోవాలి. మేం రెండడుగులు వేస్తే ఒకటి వెనక్కి జారేది. ధాపూ మాత్రం గడ్డి కుదుళ్ళ పక్కనుంచే నడిచింది. అక్కడ ఇసుక గట్టిగా ఉంటుంది. ఆ గడ్డి పేరు సేవణ్. నడుమెత్తు పెరుగుతుంది, సన్నటి గట్టి కాడలు, కొసన వెండి నూగులాంటి వెన్నులు. ఒక కుదురు పక్కన ఆమె చేత్తో తవ్వి వేరు చూపించింది. ప్రతి వేరుకీ ఇసుక రేణువులు అంటుకుని, చొక్కా తొడిగినట్టుంది. లాగి చూశాను. రాలేదు.

"ఈ కుదురు మా ఇంటికి నా కోడలికంటే ముందొచ్చింది" అంది ధాపూ. ఏళ్ళ తరబడి అదే మోడు నుంచి చిగురిస్తుందట. వాన పడని ఏడు చచ్చినట్టు పడి ఉంటుంది. పడితే వారంలో ఆకుపచ్చనవుతుంది. విత్తనం రాలేదాకా దిబ్బకి ఒక వైపు మందని తోలరు. వేరుతో పీకినవాణ్ణి ఊరంతా తిడుతుంది. మా ఊళ్ళో గడ్డి కోసేవాళ్ళని ఎవరైనా ఒక్క మాటన్నారా? తీసుకెళ్తే దోమలు తగ్గుతాయని సంతోషిస్తారు.

వంగిన ఆకు కొన గాలికి ఊగి, తన చుట్టూ ఇసుకలో గుండ్రటి గీత గీసింది. ముగ్గు వేసినట్టు ప్రతి కుదురు చుట్టూ ఒక గీత. ఎంతసేపు చూశానో తెలియదు. దిబ్బ మీద గాలి అలలు, వాటి మీద పురుగు నడిచిన కుట్టు, ఎక్కడో నక్క అడుగులు. మేం నిలబడ్డ చోటు నుంచి ఆకాశం దాకా ఇల్లనేది లేదు. సగం ఊరు వరదలో ఉండే కాలంలో పుట్టిన నాకు, అంత పొడి, అంత శుభ్రమైన చోటు భూమ్మీద ఉందంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ మైమరపులోనే భురట్ గడ్డిలోకి నడిచాను. దాని గింజ చుట్టూ ముళ్ళు. నడుముకి చుట్టుకున్న లుంజీ అంచు నుంచి మోకాలి దాకా పట్టేశాయి. తీసుకుందామని కూర్చున్నాను. అది ఇంకా పెద్ద తప్పు. ధాపూ ముసుగు జారిపోయేదాకా నవ్వింది. తర్వాత చిన్న పట్టకారు తెచ్చి, నన్ను పిల్లలా బోర్లా పడుకోబెట్టి ఒక్కొక్కటీ ఏరింది. కరువు కాలంలో ఆ ముళ్ళు దంచి, గింజ తీసి, రొట్టె చేసుకునేవారట. "మా అమ్మ దీంతోనే నన్ను పెంచింది" అంది, ఒక ముల్లు వెలుగులో పట్టుకుని చూస్తూ.

మూడో పొద్దు

మర్నాడు పున్నమి అనగా, మూడో రోజు మా ప్రయాణం. పది గంటలకి జీపు. అది అందితేనే సాయంత్రం రైలు. ఆ రైలు అందితేనే పున్నమి స్నానం.

పొద్దున లేచేసరికి వాకిలి నిశ్శబ్దంగా ఉంది. ధౌళీ అనే తొలిచూలు ఆవు ముందు రోజు మందతో తిరిగి రాలేదు. ఈనే రోజులు. ఈనేటప్పుడు ఆవు చాటు వెతుక్కుంటుంది, అది మాకూ తెలుసు. కానీ మా ఊళ్ళో చాటంటే గోడ వెనక. ఇక్కడ ఎన్ని దిబ్బలైనా పోవచ్చు. ఊరకుక్కలు గుంపుగా తిరుగుతున్నాయని, అవి ముందు చేరితే దూడా దక్కదు, తల్లీ దక్కదని ధాపూ చెప్పింది. భంవర్ తెల్లవారకముందే ఉత్తరం వైపు వెళ్ళాడు.

నేను సంచీ సర్దుతున్నాను. వదిన నా ముఖం చూసింది.

"నువ్వు ఎల్తావు గదేటి?"

"జీపు పదికి, వదినా."

"నానడిగినాది జీపు గురించి కాదు." షాన్ సంచి భుజాన వేసుకుంది. "పద. బేగి ఎల్లి బేగి ఒచ్చీద్దాం."

ధాపూతో కలిసి దక్షిణం వైపు నడిచాం. కొంత దూరం గిట్టల గుర్తులు దొరికాయి. తర్వాత గాలి లేచింది. మా కళ్ళముందే గుర్తులు పూడిపోయాయి. నేను ఆగిపోయాను. ధాపూ ఆగలేదు.

"కాలు పోయింది. నోరు ఉంది కదా" అంది.

ముందు అర్థం కాలేదు. ఆమె ఒక సేవణ్ కుదురు మీద వంగి కొసలు చూపించింది. మేసిన గడ్డి! అప్పుడు నాకూ కళ్ళు తెరుచుకున్నాయి. మేక కొరికితే కత్తిరించినట్టు ఉంటుంది. ఆవు నాలుకతో చుట్టి లాగుతుంది, కొస పీచులుగా చిరుగుతుంది. నిన్నటి చిరుగు గోధుమరంగుకి తిరుగుతుంది. ఈ పొద్దుటిది ఇంకా పచ్చిగా, తడిగా, దానికి ఇసుక అంటుకుని ఉంటుంది. ఇది నా విద్యే. ఇద్దరం చెరో వైపు కుదుళ్ళు చూసుకుంటూ ముందుకి సాగాం. ఒక కుదురు, ఇరవై అడుగులు, ఇంకో కుదురు. వదిన చెప్పులు చేత పట్టుకుని, రొప్పుతూ వెనకాలే వచ్చింది.

"పది దాటిపోనాది" అందొకసారి.

రెండు దిబ్బల మధ్య పల్లంలో గడ్డి తలెత్తు పెరిగి ఉంది. అందులో పడుకుని ఉంది ధౌళీ.

దీపాల నూనె

దూడ తల బయటికి వచ్చి ఉంది, నాలుక వాచి వేలాడుతోంది. ఒక ముంగాలే కనిపిస్తోంది. రెండోది లోపల వెనక్కి మడతపడింది. నొప్పి వచ్చినప్పుడల్లా ఆవు కాళ్ళతో గడ్డిని తన్ని, కుదుళ్ళు పెకలించేస్తోంది.

ధాపూ ఆవు తల ఒళ్ళోకి తీసుకుంది. భంవర్‌ని పిలిచింది, గాలిలో కేక నిలవలేదు. తన వంకర వేళ్ళు చూసుకుని, నా వైపు చూసింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. గత వానాకాలం మా దొడ్లో గౌరి అనే ఆవుకి సరిగ్గా ఇలాగే అయింది. రోడ్డు మునిగిపోయి డాక్టరు రాలేకపోయాడు. ఏం చెయ్యాలో నాకు తెలుసు, మా నాన్న చేస్తుంటే ఎన్నోసార్లు చూశాను. కానీ తప్పు చేస్తానేమోనన్న భయంతో మోకాలి లోతు నీళ్ళలో అలాగే నిలబడ్డాను. మధ్యాహ్నానికి గౌరి కళ్ళు తేలేసింది. అప్పటి నుంచి ఏ ఆవు ఈనినా పక్కింటి వాళ్ళని పిలిచి, నేను ఇంట్లోకి వెళ్ళిపోయేదాన్ని. గౌరి పోయిన రోజు నా పక్కన ఉన్నది వదినే.

"నాకు రాదు వదినా" అన్నాను.

"ఒచ్చు. ఆ దినం కూడా ఒచ్చు. బయపడ్డావు. ఇయాలా బయపడు, ఎవులొద్దన్నారు? బయపడతానే సెయ్యి పెట్టు."

చేతినిండా ఇసుక. తాగడానికి తెచ్చిన సీసా నీళ్ళతో కడుక్కున్నాను. పొడి చేత్తో లోపలికి పోలేం. నేను చుట్టూ చూస్తుంటే వదిన సంచిలోంచి నువ్వుల నూనె సీసా తీసింది. పుష్కర్‌లో దీపాలకని ఇంటి నుంచి మోసుకొచ్చిన నూనె.

"వదినా, అది అన్నయ్యగారి…"

"నాకు తెల్దేటి? సెయ్యి సాపు."

మోచేతి దాకా పోసింది. నొప్పి ఆగిన సందులో దూడ తలని మెల్లగా వెనక్కి నెట్టాను. లోపల వెచ్చగా, బిగుతుగా, చీకటిగా ఉంది, వేళ్ళే కళ్ళు. మోకాలు దొరికింది. మళ్ళీ నొప్పి వచ్చి నా మణికట్టుని ఎముకకి అదిమేసింది. కేక పెట్టాను, చెయ్యి మాత్రం తియ్యలేదు. నొప్పి వదిలాక ఇంకొంచెం లోపలికి వెళ్ళి, డెక్కని గుప్పిట్లో పట్టుకున్నాను. డెక్క గుచ్చుకుంటే గర్భసంచి చిరుగుతుందని మా నాన్న చెప్పేవాడు. గుప్పిట విప్పకుండా ముందుకి లాగాను. కాలు వచ్చింది.

తర్వాత నేనూ వదినా చెరో కాలూ పట్టుకున్నాం. ఆవు ముక్కినప్పుడు లాగాం, ఆగినప్పుడు ఆగాం. మూడోసారికి దూడ జారి ఇసుక మీద పడింది.

కదల్లేదు. నోట్లో జిగురు తీశాను, ఛాతీ రుద్దాను. ఏమీ లేదు. ధాపూ పాక్కుంటూ వచ్చింది. పక్కనున్న సేవణ్ కాడ ఒకటి విరిచి, దూడ ముక్కు రంధ్రంలోకి పొడిచింది. ఒకసారి. రెండోసారి. దూడ తుమ్మింది.

నేను ఇసుకలో కూలబడి ఏడ్చాను. ధాపూ గుప్పెడు గడ్డి తెంపి దూడ ఒళ్ళు తుడుస్తోంది. వదిన తన నూనె చేతుల్ని లుంజీకి రాసుకుంటూ, "పెయ్యదూడే! యాబాడే, యాబాడే" అని నా వీపు నిమిరింది. ఏం పర్లేదని.

కాసేపటికి ధౌళీ లేచి నిలబడింది. మా గుర్తులు వెతుక్కుంటూ వచ్చిన భంవర్ దూడని మెడ చుట్టూ వేసుకుని మోశాడు. ఇంటికి చేరేసరికి జీపు వెళ్ళిపోయి చాలాసేపైంది. నా మణికట్టు బూరెలా వాచింది. రెండు వారాలు పాలు పితకలేకపోయాను.

పల్లంలో

పుష్కర్‌కి మేం ఒక రోజు ఆలస్యంగా చేరాం. జనం తిరుగుముఖం పట్టారు. వదిన కొట్లో నూనె కొని దీపాలు పెట్టింది, చాలాసేపు నీళ్ళలో నిలబడింది. నేను క్షమించమనబోతే, "మీ అన్నయ్యకి ఆవులంటే ఇష్టం. ఏటీ అనుకోడు" అంది.

కానీ నాకు గుర్తుండేది అంతకుముందు పొద్దు, ధాపూ వాకిలి వదిలినప్పటిది. జున్ను తినిపించాక ధాపూ నా చేతిలో ఒక గుడ్డ మూట పెట్టింది. విప్పితే సేవణ్ విత్తనం, వెండి నూగులా.

"మీ ఊళ్ళో చల్లుకో" అంది.

చేతిలో పట్టుకుని చూశాను. తీసుకోవాలనే ఉంది. కానీ నిజం చెప్పాను. "మాకు ఆరు నెలలు వాన. వారంలో కుళ్ళిపోతుంది." ఆమె నమ్మలేదు. వదిన వైపు తిరిగి, ఆరు వేళ్ళు చూపించి అడిగింది. వదిన తల ఊపింది. మళ్ళీ అడిగింది. వదిన మళ్ళీ ఊపింది. ధాపూ ఒక నిమిషం ఆకాశం వైపు చూసి, చెంగు సర్దుకుని లేచింది. రమ్మని సైగ చేసింది.

పల్లానికి వెళ్ళాం. ధౌళీ నొప్పులతో పెకలించిన కుదుళ్ళు వేళ్ళతో సహా ఎండుతున్నాయి. ఆ మేర ఇసుక అప్పుడే వదులై, దిబ్బ అంచు నుంచి జారుతోంది. ధాపూ చల్లి చూపించింది: వేలెడు మందం ఇసుక కప్పి, ఉత్త పాదంతో తేలిగ్గా తొక్కాలి. ముగ్గురం వరసగా నడిచాం.

"ఎప్పుడు మొలుస్తాదే ఇది?" అడిగింది వదిన. నేను హిందీలో చెప్పాను.

"వాన పడితే నాలుగు రోజుల్లో" అంది ధాపూ.

"పడకపోతే?"

"పడేదాకా ఉంటుంది."

వదిన ఏదో ఆలోచించింది. నా చేతిలోంచి మూట తీసుకుని, చెప్పులు అక్కడే వదిలి, ఇసుక ఎక్కువ జారుతున్న వైపు ఎక్కింది. అవతల దారి మీద జీపు హారన్ కొట్టింది. గుడ్డలో ఇంకా పిడికెడు మిగిలి ఉంది.

"ఉండమను" అంది వదిన, వెనక్కి తిరగకుండా, ఇసుక మీదికి వంగి.